ఓడ లైనులో చివరి కారు

విశాఖపట్నంలో ఓడ రావడం వార్త కాదు. రోజూ వస్తాయి. బొగ్గు దింపుతాయి, ఇనుప ఖనిజం ఎత్తుకుపోతాయి. చలికాలంలో మాత్రం ఏడాదికి ఒకటో రెండో తెల్ల ఓడలు వచ్చేవి. వాటిలో సరుకు ఉండదు, మనుషులుంటారు. ఏ పనీ లేకుండా ప్రపంచం చుట్టివచ్చే మనుషులు. పని లేని మనుషులు అంత దూరం నుంచి వచ్చారంటే మా పేపరు డెస్కుకి అది ఫోటోతో సహా వార్త. తొంభైల మొదట్లో నేను పోర్టు వార్తలు చూసేవాణ్ణి. అందుకని తెల్ల ఓడ వచ్చిన రోజు పొద్దున్నే పాత ఊరి వైపు గేటు దగ్గర హాజరు వేయించుకునేవాణ్ణి.

నాకంటే ముందే అక్కడ అంబాసిడర్లు బారుతీరి ఉండేవి. దాన్ని ఓడ లైను అనేవారు. దాని నియమాలు ఏ కాగితం మీదా లేవు కాబట్టి ఎవరూ తప్పేవారు కాదు. ఎన్నేళ్లుగా వస్తున్నాడన్నదాన్ని బట్టి ఎవడి స్థానం వాడిది. ప్రయాణికుల్ని ఓడవాళ్లు చెప్పిన వేళ దాటాక తెచ్చినవాడు లైను తోకకి పోవాలి. తీర్పు చెప్పేది లైనులో అందరికంటే పెద్దవాడైన ఒక ముసలి డ్రైవరు. ఆయన కళ్లు మసకబారి కారు తోలడం ఎప్పుడో మానేశాడు. తీర్పులు చెప్పడం మానలేదు.

నాకు తెలిసిననాటికి లైనులో మొదటి కారు మా బావది. బావ అంటే చుట్టం కాదు. ఈ ఊళ్లో మగవాళ్లు పరిచయమైన రెండో రోజుకి బావలైపోతారు. మాది కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. అతనొకసారి సీతమ్మధారలో మా ఇంటి గుమ్మం ముందు నిలబడి "బావా" అని కేకేస్తే, నేను ఎవరి చెల్లెల్నో గుట్టుగా పెళ్లి చేసుకున్నానేమోనని మా అమ్మ పూటంతా అన్నం తినలేదు.

అతనిది ఊరి ఒడ్డునే ఉన్న జాలరిపేట. అన్నదమ్ములందరూ వేటకి పోతారు. ఇతనొక్కడే సముద్రానికి వీపు తిప్పి స్టీరింగు పట్టుకున్నాడు. అందుకు పేటలో చాలా మాటలు పడ్డాడు. ఆ మాటలన్నిటికీ అతని దగ్గరున్న ఒకే ఒక సమాధానం ఓడ లైనులో మొదటి స్థానం. ఓడలోంచి దిగిన దొర ఈ ఊళ్లో మొట్టమొదట ఎక్కేది తన కారు. పేటలో అతన్ని ఓడకారోడు అనేవారు. ఆ పేరు చెప్పేటప్పుడు బావ మెడ కొంచెం పొడుగయ్యేది.

ఒక ఏడాది అతని కారులో ఒక వయసుమళ్లిన జంట ఎక్కింది. దొరసాని చేతిలో నోటుపుస్తకం, దొర మెడలో రెండు కెమెరాలు. అదే వాళ్ల మొదటి సముద్రయానమట. ఫీచరు రాసుకోవచ్చని నేను ముందు సీట్లో కూర్చున్నాను. బావ దగ్గర తొమ్మిది చోట్ల జాబితా ఉండేది. సింహాచలంతో మొదలై భీమిలితో ముగుస్తుంది. కొత్తగా ఓడెక్కినవాళ్లకి ఒక లక్షణం ఉంటుందని నాకా రోజు తెలిసింది. వాళ్లకి ఊరు చూడటం కాదు, చూడకుండా ఏదీ మిగిలిపోకపోవడం ముఖ్యం. దొరసాని ఒక్కో చోట దిగి, నోటుపుస్తకంలో ఒక టిక్కు పెట్టి, మళ్లీ ఎక్కేది. కొండ మీద నుంచి ఊరంతా కనపడుతుంటే ఆవిడ తల వంచుకుని ఆ కొండ పేరు రాసుకుంటోంది.

భీమిలిలో ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. అందులో సగం మంది బావకి బంధువులే. దొర కెమెరాలు భార్యకిచ్చి, ప్యాంటు మడిచి, తాడు పట్టుకున్నాడు. బంధువులు నవ్వి పక్కకి జరిగి చోటిచ్చారు. ఆ తరవాత ఎవరూ గడియారం చూడలేదు, దొరసాని తప్ప. నాలుగింటికల్లా ఓడలో ఉండాలని ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది. బావ నీళ్లకేసి చెయ్యి చూపించాడు.

"ఓడ ఎక్కడికెల్తాది బావా? నీరు ఇంకా తీసే ఉంది. పోటు రావాల, కాలవ నిండాల, అప్పుడు గాని అది కదల్దు. నాను సముద్రం పక్కన పుట్టినోడిని. గాబరా పడొద్దని సెప్పు ఆ పెద్దమ్మకి."

నేను చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను, పైగా పోర్టు విలేకరి హోదా కూడా కలిపి చెప్పాను. ఖనిజం నింపుకున్న ఓడలు సముద్రం పోటు మీద ఉన్నప్పుడే రేవులోంచి బయటికి పోయే కాలువ దాటతాయని నాకూ తెలుసు. వాటి గురించి వారానికి రెండు వార్తలు రాసేవాణ్ణి. ఇద్దరం కలిసి మరిచిపోయింది ఒక్కటే. ఖనిజం ఓడ బరువుకి నీళ్లలో లోతుగా దిగి ఉంటుంది. మనుషుల ఓడ తేలిక. వాళ్లు మూడుపూటలా ఎంత తిన్నా మనుషులే గాని ఇనుము కారు. ఆ ఓడ పోటుతో పని లేకుండా, తన వేళకి తను పోగలదు.

పోబోయింది కూడా. మేం గేటు దాటేసరికి ఓడ తాళ్లు విప్పుతున్నారు, మెట్లు సగం లేపేశారు. తెల్ల దుస్తుల అధికారి ఒకడు పైనుంచి చేతులూపుతున్నాడు. దొరసాని చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. దొర ప్యాంటు ఇంకా మోకాళ్ల దాకా మడిచే ఉంది. వాళ్లకోసం మెట్లు మళ్లీ దించారు. నోటుపుస్తకం బావ కారు వెనక సీట్లో ఉండిపోయింది. తొమ్మిదింటికీ టిక్కులున్నాయి.

గేటు దగ్గర టీకొట్టులో తీర్పు జరిగింది. ఆలస్యం ఎందుకైందని పెద్దాయన అడిగితే బావ పోటు సంగతి చెప్పాడు. విలేకరి కూడా ఒప్పుకున్నాడని మాత్రం చెప్పలేదు. నేను అక్కడే టీ తాగుతున్నాను. నేనూ చెప్పలేదు.

"సముద్రం నీ పెరట్లో ఉందనుకున్నావేటిరా? మారాజువి. ఎల్లి తోకలో నిలబడు," అన్నాడు పెద్దాయన.

తోక అంటే టీకొట్టు కూడా దాటాక, గోడ మలుపు దగ్గర, మురుగు కాలువ పక్కన. అక్కడినుంచి గేటు కనపడదు. గేటులోంచి చూసేవాళ్లకి ఆ కారూ కనపడదు. మొదటి ఏడాది బావ మలుపు దాకా నడిచొచ్చి "టాక్సీ సార్, టాక్సీ మేడమ్" అని కేకలు వేశాడు. ముందున్నవాళ్ల కేకల్లో అతనిది కలిసిపోయింది. రెండో ఏడాది ఇక కేకలు మానేశాడు. కారులో కూర్చుని మా పేపరు చదివేవాడు. ఒక్క పని మాత్రం మానలేదు. సీజను మొదలవగానే పెద్దాయన దగ్గరకి పోయి తన స్థానం తనకి ఇమ్మని అడిగేవాడు. చూద్దాం అనేవాడు పెద్దాయన. కళ్లు కనపడని మనిషి ఆ మాట ఎలా అంటాడని బావ నన్ను అడిగేవాడు.

ఈలోగా గేటులోంచి నడిచొచ్చే మనుషులు మారిపోయారు. కొత్తగా ఓడెక్కినవాళ్లని ఓడవాళ్లే పెద్ద బస్సుల్లో ఎక్కించి, ఒక జెండా చూపిస్తూ తిప్పి తెచ్చేసేవారు. ఇక కాళ్లతో నడిచి గేటు దాటేవాళ్లు తలపండిన ప్రయాణికులు. నాలుగుసార్లో, పదిసార్లో సముద్రాలు తిరిగినవాళ్లు. వాళ్ల మెడల్లో కెమెరాలుండవు. చేతిలో గుడ్డసంచి ఉంటుంది. సంచిలో ఒక చీటీ, చీటీలో ఒకే ఒక పని. కళ్లజోడు మర ఊడిపోతే బిగించుకోవడం. డజను అరటిపళ్లు. ఇంటికి ఫోను. ఒకాయన నాకు తెలిసి మూడేళ్లు వచ్చాడు. మూడేళ్లూ గేటుకి ఎదురుగా ఉన్న మంగలి షాపు దాటి ఊళ్లోకి అడుగుపెట్టలేదు. గడ్డం గీయించుకుని, మొహానికి పటిక రాయించుకుని, అద్దంలో ఊరిని కాసేపు చూసి, ఓడెక్కేసేవాడు.

అసలు దిగనివాళ్లు కూడా ఉండేవారు. అలాంటి ఒకాయనతో అనుమతి తీసుకుని ఓడ మీదే మాట్లాడాను. మా ఊరు చూడరా అని కొంచెం ఉక్రోషంగానే అడిగాను. అందరూ దిగిపోయే రేవంటే తనకి చాలా ఇష్టమని, ఆ రోజు డెక్కు మీద కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయని ఆయన మర్యాదగా చెప్పాడు. మా ఊరు ఆయనకి బాగా నచ్చిందట.

దీన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. మొదట్లో తెల్ల ఓడ వస్తే రోజంతా తిరిగి సగం పేజీ రాసినవాణ్ణి. పదేళ్లు గడిచేసరికి టీకొట్టు బల్ల మీదనుంచి కదలకుండా, పోర్టు ఆఫీసుకి ఒక ఫోను కొట్టి, ఎనిమిది వాక్యాలు రాసేవాణ్ణి. అందులో ప్రయాణికులు నగర అందాలకు ముగ్ధులయ్యారన్న వాక్యం ఓడ రాకముందే రాసి ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఉదయం బావ టీకొట్టులోకి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ముందు చాలాసేపు నవ్వాడు. ఆ దొరసాని మళ్లీ వచ్చిందట. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తిన దొరసాని. ఈసారి చేతిలో గుడ్డసంచి. భర్త ఓడలోనే పుస్తకం చదువుకుంటున్నాడట. ఆవిడ కేకలు వేస్తున్న కార్లన్నిటినీ దాటి, టీకొట్టు దాటి, మలుపు తిరిగి, సరిగ్గా బావ కారు దగ్గరకొచ్చి ఆగింది. బావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టలేదు. పూర్ణా మార్కెట్‌కి తీసుకుపోయి పన్నెండుకల్లా తిరిగి తేవాలి, అంతే అంది.

మార్కెట్‌లో ఆవిడ రెండు దారపు ఉండలు, ఒక సూదుల పొట్లం కొనుక్కుంది. తరవాత పూలకొట్ల దగ్గర స్టూలు అడిగి వేయించుకుని, దండలు కట్టే చేతుల్ని గంటసేపు చూసింది. దేనికీ టిక్కు పెట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు, ముందున్న కార్లన్నీ వదిలి తన కారే ఎందుకెక్కారని బావ తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ తన నియమం చెప్పింది. ఏ రేవులోనూ మొదటి కారు ఎక్కకూడదు, చివరిదాకా నడవాలి. ఆ బుద్ధి ఎప్పుడొచ్చిందో కూడా చెప్పింది. చాలా ఏళ్ల కిందట ఎక్కడో ఒక రేవులో మొదటి కారువాడు తమని తొమ్మిది చోట్ల తిప్పి, కొంచెంలో ఓడ తప్పించబోయాడట. ఏ ఊరో గుర్తులేదు, ఈ తూర్పు వైపే ఎక్కడో అంది.

"మరి నీవేటన్నావు?" అన్నాను. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లున్నాక ఆ యాస నాకూ జారుతుంది.

"ఏటంటాను బావా? అలాటోలు కూడా ఉంటారండి అన్నాను."

ఆ ఏడాది నుంచి గేటు దాటిన గుడ్డసంచీలు ఒకటొకటిగా మలుపు తిరగడం మొదలైంది. ఓడ మీద ఆవిడ ఎవరికి చెప్పిందో, లేక తలపండినవాళ్లందరికీ ఆ బుద్ధి దానంతటదే వస్తుందో తెలీదు. బావ వాళ్లని ఎక్కడికీ తిప్పేవాడు కాదు. అడిగిన చోట దింపి, నీడలో కారు పెట్టుకుని, పది నిమిషాలు ముందుగా తెచ్చేసేవాడు. సీజను మొదలైనా పెద్దాయన దగ్గరకి పోయి స్థానం అడగలేదు. పెద్దాయనే కబురుపెట్టాడు, శిక్ష చాలు, ముందుకి రమ్మని. వద్దన్నాడు బావ. తోకే తనకి అలవాటైపోయిందన్నాడు. జీవితంలో మొదటిసారి అతని స్థానం మీద ఎవరి కన్నూ లేదు, అతనికి అది చాలా బాగుంది.

అది అక్కడితో ఆగాల్సింది. కానీ నేను విలేకరిని. అనుభవం ఉన్న ఓడ ప్రయాణికులు రేవులో ఎలా మసలుకుంటారో, కాలంతో పాటు ఎలా మారతారో, ఆదివారం అనుబంధానికి ముచ్చటగా రాశాను. తొమ్మిది టిక్కుల నుంచి రెండు దారపు ఉండల దాకా. పేర్లు రాయలేదు. చివరి కారు నియమం మాత్రం రాశాను. దాన్ని డెస్కువాళ్లు శీర్షికగా పెట్టారు.

డ్రైవర్లు పేపరు చదువుతారు. ఓడ లేని రోజుల్లో వాళ్లకి వేరే పనేముంటుంది?

తరవాతి ఓడ వచ్చిన ఉదయం గేటు ముందు మొదటి స్థానం ఖాళీ. రెండోదీ ఖాళీ. కార్లన్నీ టీకొట్టు దగ్గరనుంచి వెనక్కి వెనక్కి జరుగుతున్నాయి. ఒకడు మలుపు దాటి నిలబెడితే ఇంకొకడు వాడి వెనక్కి పోయి నిలబెడుతున్నాడు. ముప్పై ఏళ్లుగా ముందుకి జరగడానికి కొట్టుకున్నవాళ్లు వెనక్కి జరగడానికి కొట్టుకుంటుంటే గేటు కాపలావాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. తోక అలా పెరిగి పెరిగి పక్క వీధిలోకి పోయింది. బావ కారు మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయింది.

నన్ను చూసి దగ్గరకొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"తోకలోకి తోసేసినా నాను ఏటీ అన్లేదు కదా బావా. ఆ తోక కూడా ఉంచవేటి నాకు?"

క్షమాపణ చెబుదామంటే, ఎన్నేళ్ల కిందటి ఏ తప్పుతో మొదలుపెట్టాలో తెలియలేదు.

పోర్టువాళ్లు ఫిర్యాదు చేశారు. పెద్దాయన ఇక స్థానాలే లేవన్నాడు. ఓడ వచ్చిన పొద్దున్నే టీకొట్టులో చీటీలు తీయాలి, ఎవడికి ఏ అంకె వస్తే వాడు అక్కడ. గేటు కాపలావాళ్లు దగ్గరుండి మరీ నిలబెట్టేవారు. మొదటిసారి చీటీలు తీసిన రోజు అందరూ దేవుణ్ణి తలుచుకుంటూ చివరి అంకె కోసం చెయ్యి పెట్టారు. బావ చీటీ విప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమొచ్చిందని అడిగితే చెప్పలేదు. పెద్దాయన అతని జేబులోంచి చీటీ తీయించి, పక్కవాడి చేత చదివించుకున్నాడు. ఒకటి.

"ఇన్నేల్లు అడిగినావు కదరా, తీసుకో," అన్నాడు పెద్దాయన. టీకొట్టంతా నవ్వింది.

బావ కారుని తీసుకెళ్లి గేటుకి ఎదురుగా, పన్నెండేళ్ల కిందట తను నిలబెట్టిన చోటే పెట్టాడు. కారు దిగలేదు. కేకలు వేయలేదు. కాసేపటికి ముందు సీట్లోంచి దిగి వెనక సీట్లోకి మారాడు. తలుపు తెరిచి, కాళ్లు బయటికి చాపి, మా పేపరు మొహం మీద కప్పుకున్నాడు. నేను టీకొట్టు దగ్గరే ఉండిపోయాను. పక్కకెళ్లే ధైర్యం లేదు.

బస్సులు వెళ్లిపోయాయి. గుడ్డసంచీలు నడిచి రావడం మొదలైంది. ఒక్కొక్కరు బావ కారు దాటి, లైను పొడుగునా నడుచుకుంటూ పోతున్నారు. తోకలో ఉన్నవాళ్లకి ఆనందం పట్టడం లేదు. వచ్చే దొర ఇంకా మలుపు తిరగకుండానే నలుగురు ఎదురెళ్లి, సంచి పట్టుకుని, సింహాచలం, భీమిలి, బొర్రా గుహలు అని ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ఇద్దరు దొరసానులు అది చూసి రిక్షా ఎక్కారు. ఒకాయన మంగలి షాపులో దూరాడు.

తరవాత గొడుగు చేతికర్రలా పట్టుకున్న ఒక పొడుగాటి ముసలాయన తోక దాకా పోయి, అక్కడ ఒక నిమిషం నిలబడి, వెనక్కి తిరిగాడు. లైనంతా మళ్లీ నడుచుకుంటూ వచ్చాడు. ప్రతి కారు దగ్గరా ఒక కేక, ప్రతి కేకకీ ఆయన తల అడ్డంగా ఊపడం. అలా గేటు దాకా వచ్చేశాడు. ఓడెక్కేస్తాడనుకున్నాను. బావ కారు దగ్గర ఆగి, వెనక సీట్లోకి వంగి చూశాడు. డ్రైవరు ఎక్కడికి వెళ్లాడని అడిగాడు.

బావ పేపరు తీసి, నెమ్మదిగా దిగి, ముందు సీట్లోకి మారాడు. ముసలాయన వెనక కూర్చున్నాడు. ఎక్కడికని బావ అడిగినట్టు లేదు. ఎవరూ ఏమీ అమ్మని చోట రెండు గంటలు కూర్చోవాలని ఆయనే చెప్పాడట, తరవాత తెలిసింది. బావ ఆయన్ని జాలరిపేట ఒడ్డుకి తీసుకెళ్లాడు. వేటకెళ్లిన పడవలు రాకముందు అక్కడ అమ్మడానికి ఏమీ ఉండదు.

పేటకి పోయే ముందు కారు నా పక్కకొచ్చి ఆగింది. బావ తల బయటపెట్టాడు. ఇన్నేళ్లూ తను లైనులో ఎక్కడున్నానన్నది లెక్కలోనే లేదని, లెక్కలో ఉన్నది ఎవరి వెంటా పడకపోవడమేనని అతనికి అప్పుడే తెలిసినట్టుంది. నాకూ అప్పుడే తెలిసింది. నా మొహంలో అతనికి అది కనపడింది.

"బావా, ఇది మాత్రం పేపర్లో ఎయ్యకు," అన్నాడు. "మల్లా అందరూ వెనక సీట్లో పడుకుంటారు."

కారు వెళ్లిపోయింది. మొదటి స్థానం ఖాళీ అయింది. గేటు కాపలావాడు రెండో కారుని ముందుకి రమ్మని చెయ్యి ఊపాడు. రెండో డ్రైవరు తనని కాదన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. నేను టీకొట్టులోంచి డెస్కుకి ఫోను చేసి, ఓడ వచ్చిందని, సాయంత్రం పోతుందని, ఈసారి విశేషాలేమీ లేవని చెప్పాను.